ఇల్లు విశాలమే... దారే దూరం!

అద్దెకు ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందుగా ఏం అడుగుతారు? నీళ్లెలా వస్తాయి, అడ్వాన్సు ఎంత, వాకిలి ఏ వైపు అని. ఆఫీసుకు ఎంతసేపన్నది ఆఖర్న గుర్తొస్తుంది. 'అద్దె తక్కువ, గదులు పెద్దవి. దూరం అంటారా... నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది' అని సర్దిచెప్పుకుంటారు.

నిజంగానే అలవాటవుతుందా? స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టట్జర్ జర్మనీ కుటుంబాల వివరాలతో ఈ సంగతే పరిశీలించారు. దూరం వెళ్లేవారికి మంచి జీతమో పెద్ద ఇల్లో దక్కుతుంది కాబట్టి తృప్తి తగ్గకూడదు. కానీ ప్రయాణ సమయం పెరిగేకొద్దీ జీవితం పట్ల సంతృప్తి తగ్గుతోందని 2008లో అచ్చయిన వారి అధ్యయనం చెప్పింది. కారణం ఊహించడం కష్టమేం కాదు. పెద్ద హాలు నెల రోజుల్లో కళ్లకు అలవాటైపోతుంది. ట్రాఫిక్ అలా కాదు, రోజుకో రకం!

ఆ భారం కూడా ఇంట్లో అందరి మీదా ఒకేలా పడదు. ప్రయాణ సమయం ఆడవాళ్ల మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తోందనీ మగవాళ్లలో అలాంటి ప్రభావం కనిపించలేదనీ 2011లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. ఇంటిపని, పిల్లల బాధ్యత ఎక్కువగా ఆమెదే కావడం ఇందుకు కారణం కావొచ్చన్నారు. క్యారియర్లు సర్ది బస్సు కోసం పరుగెత్తే ఇల్లాలికి ఈ మాట ఒకరు చెప్పాలా?

అలాగని ప్రయాణమే వద్దని ఎవరూ అనడంలేదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో సుమారు 1300 మంది ఉద్యోగులను అడిగితే, వాళ్లు కోరుకున్న ప్రయాణం సగటున 16 నిమిషాలు. సున్నా కాదు! ఆఫీసు చికాకుల్ని దారిలో దులిపేసుకోవడానికి ఆ కాస్త వ్యవధీ కావాలి మరి.

నిమిషాలన్నీ ఒకటి కావు కూడా. స్టాపులో ఎదురుచూసే పది నిమిషాలు బస్సులో కూర్చున్న పది నిమిషాలకన్నా ఎక్కువనిపిస్తాయి. మెట్రోలోనో ఎంఎంటీఎస్‌లోనో నిలబడి వెళ్లినా, దారిలో సిగ్నళ్ల బెడద ఉండదు.

పోనూ రానూ రోజుకు రెండు గంటలు అదనమైతే, 300 పనిదినాలకు 600 గంటలు. అంటే ఏడాదికి 25 రోజులు రోడ్డు మీదే! తగ్గే అద్దె పక్కన ఈ లెక్క కూడా వేసుకోవాలి. అడ్వాన్సు ఇచ్చేముందు సోమవారం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ దారిలో వెళ్లిరావాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే... ఇద్దరి దారీ చూడాలి!