ఇరుసు గట్టిదే, మరి బ్రేకు?

మహానంది తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు చూడకుండా పెరిగిన పిల్లలు మా నంద్యాల చుట్టుపక్కల తక్కువ. మా నానీ అక్కడ గాజులమ్మేది. బుట్ట దగ్గర కాపలా కూర్చోమని చెప్పి ఆమె నీళ్లకు పోతే చాలు, మేము లేచి పరుగెత్తి బండ దగ్గర తేలేవాళ్లం. తర్వాత తిట్లు ఎట్లాగూ తప్పవు, ముందు తమాషా చూడాలి కదా.

ఈసారి శివరాత్రికి నా భాంజాతో కలిసి పోయాను. ఆపా కొడుకు, ఇరవై ఆరేళ్లవాడు. పాత ఆరు టైర్ల లారీ ఒకటి ఫైనాన్సులో తీసుకొని బేతంచెర్ల, బనగానపల్లె వైపు నుంచి నాపరాళ్లు తోలుతున్నాడు. మార్జిన్ డబ్బు కోసం ఆపా తన చేతి గాజులు కుదువ పెట్టింది. ఇప్పుడు వాడికి ఇంకో అప్పు కావాలి. వెనక ఇరుసు మొత్తం తీసేసి, స్క్రాప్‌లో దొరికిన పెద్ద బండి హౌసింగ్ వేయించి, కమాన్ కట్టలకు ఇంకో మూడు పట్టీలు ఎక్కిస్తాడట. దానికి నేను జామీను సంతకం పెట్టాలి.

ఎద్దులు బండ లాగుతుంటే వాడు ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. అమెరికాలో డిమోలిషన్ డెర్బీ. వాళ్ల ఊరి జాతరల్లో మట్టి మైదానం చుట్టూ కాంక్రీటు దిమ్మెలు పేర్చి, పాత కార్లనూ ట్రక్కులనూ ఒకదానితో ఒకటి గుద్దించుకుంటారు. చివరికి ఏ బండి కదులుతుంటే అదే గెలిచినట్టు. ముందు వైపు రేడియేటర్ ఉంటుంది గనక ఎక్కువ మంది రివర్స్‌లో వెళ్లి వెనక భాగంతో గుద్దుతారు. అందుకే దెబ్బంతా వెనక ఇరుసుకు తగులుతుంది. పట్టుదల ఉన్నవాళ్లు సొంత ఇరుసు పీకేసి ఇంకా బరువైన ట్రక్కుది తెచ్చి వేసుకుంటారు.

"చూశావా మామూ, గోరాలు కూడా ఇదే చేస్తాండారు. గట్టి ఎక్సిల్ ఉంటే ఏ ఫికర్ ఉండదు."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వాడి మాటలో సగం సహీ. మిగతా సగం గురించే ఈ రాత, ఎందుకంటే ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. మన ఇళ్లలో డ్రైవరో, క్లీనరో, షెడ్డు మేస్త్రీనో లేని ఖాందాన్ నాకైతే కనబడలేదు.

ముందు సహీ అయిన సగం. నేను చదివింది ఉర్దూ మీడియం. జుగ్రాఫియా క్లాసులో భూమికి "మెహ్వర్" ఉంటుందని చెప్పారు, బండికి "ధురా" అన్నారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అది "ఇరుసు" అయింది. మా చిచ్చా షెడ్డులో మాత్రం ఎప్పుడూ ఎక్సిలే. సెలవుల్లో చిచ్చాకు పానాలు అందించడం నా డ్యూటీ. ఒకసారి గాజులపల్లె దాటాక నల్లమల ఘాట్‌లో లారీ ఎక్సిల్ షాఫ్ట్ విరిగి ఆగిపోయిందని కబురొస్తే నన్నూ వెంట తీసుకుపోయాడు. చీకటి పడింది. డ్రైవర్ దీపం పట్టుకున్నాడు. చక్రం ఊడదీస్తాడనుకున్నా, తీయలేదు. హబ్ మీద బోల్టులు విప్పి షాఫ్ట్‌ను బయటికి లాగేశాడు. చక్రం చక్రంలాగే నిలబడి ఉంది. నాకది జాదూలా తోచింది.

జాదూ ఏమీ కాదని తర్వాత చెప్పాడు. పెద్ద లారీలకు ఉండేది ఫుల్ ఫ్లోటింగ్ ఎక్సిల్. బండి బరువు హౌసింగ్ మీద, హబ్ బేరింగుల మీద పడుతుంది. షాఫ్ట్ పని చక్రాన్ని తిప్పడం వరకే. అది విరిగితే బండి ఆగుతుంది గానీ చక్రం ఊడిపోదు. చిన్న బండ్లలో చాలావాటికి సెమీ ఫ్లోటింగ్ ఉంటుంది. అక్కడ అదే షాఫ్ట్ తిప్పాలి, అదే బరువూ మోయాలి. విరిగిందంటే చక్రమే చేతికొస్తుంది. డెర్బీవాళ్లు బరువు ట్రక్కుల ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసుల కోసం వెతికేది ఇందుకే. ఇంకో లెక్క కూడా ఉంది. షాఫ్ట్ వ్యాసం పది శాతం పెంచితే మెలికను తట్టుకునే బలం దాదాపు 33 శాతం పెరుగుతుంది. కొంచెం లావు చాలా పని చేస్తుంది. నిజమే, గట్టి ఇరుసు మంచిదే. అడవిలో రాత్రి బండి ఆగితే ఏమవుతుందో నాకూ తెలుసు.

ఆ విరిగిన షాఫ్ట్‌ను చిచ్చా షెడ్డుకు తెచ్చి నాకు చూపించాడు. విరిగిన ముఖం సగం నల్లగా, నున్నగా ఉంది. మిగతా సగం కొత్త ఇనుములా గరుకుగా మెరుస్తోంది. "నల్లగా ఉండేది పాత గాయం. నెలల ముందే చీలింది, కొంచెం కొంచెంగా లోపలికి పోయింది. మెరిసేది నిన్న రాత్రిది" అన్నాడు. లోడు మీద లోడు పడితే ఇనుము ఒక్కసారిగా విరగదు, లోలోపలే అలసిపోతుంది. హౌసింగ్‌లో అట్లాంటి చీలిక ఉందా అని చూడటానికి ఆయన కిరోసిన్ పూసి, తుడిచి, పైన చాక్‌పీసు పొడి రుద్ది సుత్తితో తట్టేవాడు. చీలిక ఉంటే అందులో దాక్కున్న కిరోసిన్ బయటికొచ్చి తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత కనబడేది. స్క్రాప్ హౌసింగ్ కొనే ముందు ఈ పనైనా చేయించావా అని భాంజాను అడిగాను. లేదన్నాడు.

ఇక రెండో సగం. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

ఘాట్ సంగతి జరిగిన రెండేళ్లకు ఒక లారీ ఓనర్ చిచ్చా దగ్గరికి వచ్చాడు. మాటిమాటికీ ఎక్సిల్ పోతోంది, హౌసింగ్‌కు ప్లేట్లు వేసి వెల్డింగ్ చెయ్యి, కమాన్ పట్టీలు పెంచు అన్నాడు. ఎందుకు పోతోందని చిచ్చా అడగలేదు. అడిగితే గిరాకీ పక్క షెడ్డుకు పోతాడు. ఆరుగురు పిల్లల రోజీ, మజ్బూరీ. వేసి ఇచ్చాడు. మూడు నెలలు ఏ గొడవా లేదు. నాలుగో నెలలో ఆ బండి బండల లోడుతో ఘాట్ దిగుతూ బ్రేకులు పట్టక మలుపులో పల్టీ కొట్టింది. డ్రైవర్ దూకి బతికాడు. క్లీనర్ పోయాడు. మా వీధి పిల్లాడే, నాకంటే ఒక్క సంవత్సరం పెద్ద.

చిచ్చాతో పాటు నేనూ పోయాను. క్యాబిన్ నుజ్జయింది, ఛాసీ వంకర పోయింది, బండలు రోడ్డంతా పగిలి పడి ఉన్నాయి. వెనక ఇరుసు మాత్రం చిచ్చా వేసిన ప్లేట్లతో సహా చెక్కుచెదరలేదు. దాని ముందు ఆయన చాలాసేపు కూర్చున్నాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పోలీసులు కూడా అడగలేదు. కానీ ఆ తర్వాత ప్లేట్లు వేయమని ఎవరొచ్చినా "నక్కో భాయ్" అనేవాడు. షెడ్డుకు గిరాకీ తగ్గింది. చాచీ సణిగేది.

పాత ఇరుసు విరిగినన్నాళ్లు ఆ బండికి ఒక హద్దు ఉండేది. ఎక్కువ వేస్తే చదునులోనో, ఎక్కుడులోనో ఆగిపోయేది. ఓనర్‌కు నష్టం, డ్రైవర్‌కు తిట్లు, అంతే. ఇరుసు గట్టిపడ్డాక ఆ హద్దు పోయింది. లోడు పెరిగింది గానీ బ్రేకు డ్రమ్ములు పాతవే, టైర్లు పాతవే, స్టీరింగ్ పాతదే. బండిలో విరగాల్సింది ఎక్కడో ఒకచోట విరుగుతుంది. మనం చేసేది ఆ చోటు మార్చడం. ఇరుసు దగ్గర విరిగితే రిపేరు, బ్రేకు దగ్గర తెగితే జనాజా.

అంకెల్లో చెప్తే భాంజాకు కొంచెం ఎక్కింది. 20 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే దాని నుంచి దాదాపు ఐదున్నర యూనిట్ల కరెంటుకు సమానమైన తాకత్ బయటపడుతుంది. 30 టన్నులైతే ఎనిమిది యూనిట్లు దాటుతుంది. అదంతా ఇంజన్ పట్టుకోవాలి, లేదా బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా మారాలి. అందుకే పాత డ్రైవర్లు ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమంటారు. డ్రమ్ము కాలిపోయాక పెడల్ ఎంత తొక్కినా లైనర్ పట్టదు. ఇరుసు ఎంత లావుదైనా అక్కడ దానికి పని లేదు.

నాపరాయితో ఇంకో మోసముంది. గడ్డి లోడు కొండంత కనబడుతుంది, అందరూ చూస్తారు. అంగుళం మందం బండలు వంద చదరపు అడుగులు వేస్తే 600 కిలోలు దాటుతాయి. నిలువుగా పేర్చితే బాడీ సగం కూడా నిండినట్టు కనబడదు, కాటా మీద మాత్రం హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది. "ఇంకా ఖాళీ ఉంది కదా" అని హమాలీలతో రెండు వరసలు ఎక్కువ వేయించే యజమానికి కంటి లెక్క చాలు. ఇరుసుకు కంటి లెక్క తెలియదు.

వెల్డింగ్ గురించి మేస్త్రీ భాయ్‌లకు ఒక మాట. హౌసింగ్ మీద ప్లేటు అతికించాక అది బలంగా కనబడుతుంది. కానీ అతుకు అంచున వేడి తగిలిన ఇనుము గట్టిపడి పెళుసవుతుంది, కొత్త చీలిక సరిగ్గా అక్కడే మొదలవుతుంది. హౌసింగ్ ఒక దారమంత వంకరపోయినా బేరింగ్ వరస తప్పి హబ్ వేడెక్కుతుంది. ఇవి మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసీ చేస్తున్నాం, అదే బాధ.

ఖానూన్ సంగతి త్వరగా చెప్తాను. వెనక నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసుకు ఒకప్పుడు 10.2 టన్నులు హద్దు. 2018 జూలైలో కేంద్రం దాన్ని 11.5 టన్నులు చేసింది. ఆరు టైర్ల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులైంది. ఇందులో ఖాళీ బండి బరువు కూడా ఉంటుందని మనవాళ్లు మర్చిపోతారు. మీ బండికి ఎంత అనేది ఆర్.సి.లో రాసి ఉంటుంది. కొత్త ఇరుసు వేసినంత మాత్రాన ఆ అంకె మారదు. తయారీదారు ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడాది సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జుర్మానా 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో రెండు వేలు. చట్టంలో నడిపినవాడి పేరే కాదు, నడిపించినవాడూ నడపనిచ్చినవాడూ ఉన్నారు. ఆచరణలో దొరికేది మాత్రం స్టీరింగ్ దగ్గర కూర్చున్న పిల్లాడే. లోడు వేయించిన షావుకారు కాటా చీటీలో కనబడడు.

రోడ్డు కూడా మన సొమ్మే. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్‌లో రోడ్ల మీద లారీలు తిప్పి తిప్పి పరీక్షించారు. ఇరుసు మీద బరువు ఎంత రెట్లు పెరిగితే రోడ్డుకు దెబ్బ సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. ఇరవై శాతం ఎక్కువ వేస్తే రోడ్డుకు రెట్టింపు దెబ్బ. బరువే రెట్టింపైతే పదహారు రెట్లు. తర్వాత ఆ గుంతల్లోనే మన ఇరుసులు విరుగుతాయి. అప్పుడు ఇంకా గట్టివి వేయిస్తాం.

భాంజా ఊరికే ఉండలేదు. "కిరాయి టన్నుకింత అని ఇస్తారు మామూ. హద్దు ప్రకారం వేస్తే డీజిలు, టోలు, కిస్తీ పోయాక నా చేతికేమొస్తాది? అందరూ వేస్తాండారు, నేనొక్కడినే సత్యహరిశ్చంద్రుడినా?" దీనికి నా దగ్గర తయారు జవాబు లేదు, ఉందని చెప్తే అబద్ధం. ఒక్క బండివాడు న్యాయంగా నడిస్తే నష్టపోతాడు, నిజం. ఓనర్లు, డ్రైవర్లు అంతా కూర్చుని ఒక ప్రాంతం మొత్తానికి కాటా ప్రకారమే లోడు అని నిలబడితే తప్ప టన్ను కిరాయి పెరగదు. లోడు పెంచే ప్రతి బండీ పక్క బండి కిరాయి కోస్తోంది. ఈ మాట లారీ అసోసియేషన్లలో మనవాళ్లు ఎందుకు గట్టిగా ఎత్తరన్నది నా సవాల్. వాటిలో మనవాళ్లు తక్కువేమీ లేరు.

డెర్బీ వీడియో మళ్లీ పెట్టించి చూపించాను. ఆ బండ్ల అద్దాలన్నీ ముందే పీకేశారు. పెట్రోలు ట్యాంకు అసలు చోటు నుంచి తీసి లోపలికి మార్చారు. డ్రైవర్ నెత్తిన హెల్మెట్, డ్రైవర్ తలుపు వైపు గుద్దకూడదన్న రూలు, పక్కనే మంటలార్పేవాళ్లు. ఎదురుగా స్కూలు ఆటో రాదు. మన గిద్దలూరు రోడ్డులో నెత్తిన గంపలతో అడ్డంగా దాటే అవ్వ అక్కడ ఉండదు. ఆ తమాషాకు సరిపోయే ఇరుసును తెచ్చి ఈ రోడ్డు మీద పెడితే ఎట్లా బేటా?

అప్పటికి మైదానంలో కొత్త జత దిగింది. మైకులో "నాలుగు పళ్ల విభాగం" అన్నారు. పాలపళ్ల కోడెలకు ఒక బండ, రెండు పళ్లవాటికి ఇంకొకటి, నాలుగు, ఆరు పళ్లవాటికి వేరే, సీనియర్లకు అన్నిటికంటే బరువైనది. నోరు తెరిచి పళ్లు చూసి గానీ కాడి కట్టనివ్వరు. ఎంత గట్టి కాడి తెచ్చినా రెండు పళ్ల కోడెకు సీనియర్ల బండ ఇవ్వరు. భాంజా ఆ నోరు తెరిపించడం చూశాడు. ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

జామీను కాగితం నా బల్ల మీదే ఉంది. ఇరుసు మార్చడానికి నేను సంతకం పెట్టనన్నాను. అదే డబ్బుతో నాలుగు చక్రాలకూ కొత్త లైనర్లు, వెనక టైర్లు, ఉన్న హౌసింగ్‌కు మంచి బేరింగులు వేయిస్తానంటే పెడతాను. దానికి ముందు మూడు ట్రిప్పుల కాటా చీటీలు తెచ్చి చూపించమన్నాను. ఆపా రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. వాడు జుమ్మా తర్వాత వస్తానని ఫోన్ చేశాడు, చీటీల మాట ఎత్తలేదు.