నిశ్చయోపపదమును బుట్టించిన దెవరు?

భాషలో గలుగు ప్రతి మార్పును భ్రంశమే యనువారు మనలో నింకను గలరు. ఇంట స్త్రీలు పలుకునదియు, సంతలో కూలివాడు పలుకునదియు వారి దృష్టిలో నపశబ్దములే. ఈ వాదము చరిత్ర యెదుట నిలువదని మేము చెప్పుచున్నాము. ఇంగ్లీషున 'ది', ఫ్రెంచిన 'లె' యను చిన్నమాటల చరిత్రయే యిందుకు చాలును.

క్రీ. శ. 1వ శతాబ్దమున రోములో నధ్యాపకుడైన క్వింటిలియను, తమ లాటిను భాషకు గ్రీకునందువలె ఉపపదము లక్కఱలేదని వ్రాసెను. ఆనాటి గ్రంథభాషకది నిజమే. కాని జనులు పండితుల యనుమతికై వేచియుండలేదు. 'ఆ' యను నర్థముగల 'ఇల్లె' పదమును మాటిమాటికి వాడసాగిరి. 4వ శతాబ్దాంతమున ఎగేరియా యను స్త్రీ యెరూషలేము యాత్రను గూర్చి వ్రాసిన వృత్తాంతమున నీ వాడుక హెచ్చుగా గానవచ్చును. దాని వ్రాతప్రతి 1884లో ఇటలీలో దొరకినది. వ్యాకరణాభిమానులకు అందు తప్పులు కనబడును. మాకు పుట్టబోవు భాషల తొలిపలుకు వినబడుచున్నది.

'ఆ చెట్టు' అన్నచో దానిని తక్కిన చెట్లనుండి వేఱుపఱచుటయే. సూర్యుడన్ననో యొక్కడే. అట్టి సూర్యుని ముందును ఆ పదము తప్పనిసరియైననాడు, అది చూపుట మాని యుపపదమైనదని తెలియవలెను. 'ఇల్లె' యిట్లరిగియే ఫ్రెంచిన 'లె', ఇటాలియనున 'ఇల్', స్పానిషున 'ఎల్' అయినది. రుమేనియనున నది నామమునకు వెనుక జేరగా, మనుష్యవాచియగు 'ఓమ్' 'ఓముల్' ఆయెను. ప్రాచీనాంగ్లమున లింగవిభక్తులనుబట్టి మాఱుచుండిన నిర్దేశకపదము నేటి 'ది'గా నిలిచెను. ఉపపదమునకును వార్ధకము గలదు: అరమాయికున నామాంతమున నిశ్చయమును దెలిపిన 'ఆ' ప్రత్యయము, సిరియాకున నా శక్తిని గోల్పోయి నామమునకు సాధారణరూపమే యయ్యెను.

తెలుగునకు నిశ్చయోపపదము లేదు, రష్యనునకును లేదు. అది కొఱతయు గాదు. ఇంగ్లీషునుండి తెనిగించుచు 'ది' కనబడినచోటనెల్ల 'ఆ' చేర్చువారును మొదటివారి తప్పునే చేయుచున్నారు. వారు జనుల నోట నున్నదానిని దీసివేయ జూతురు. వీరు లేనిదానిని దెచ్చిపెట్ట జూతురు. భాష యిరువురకును లొంగదు.

చదువరులారా! మీ యింటి పిల్ల యింటిపలుకునే కాగితముపై బెట్టినపుడు, కొట్టివేయుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుడు: ఇది నలుగురు వాడుచున్నదేనా? నలుగురకు దెలియుచున్నదా? అవునేని వ్రాయనిండు. క్వింటిలియను అక్కఱలేదన్న యుపపదము లేక నేడు లాటిను కూతుళ్లలో నే యొక్కతెయు మాటాడదు.