సైకిలుకీ రైల్లో చోటివ్వండి



మొన్న సైకిలు తొక్కుకుంటూ విజయనగరం ఎల్తంటే రామభద్రపురం దగ్గర మనోడొకడు ఆపాడు. "ఏటి మావా, ఎక్కడికి?" అన్నాడు. కొరాపుట్‌కి అన్నాను. "కొరాపుట్ అటు కదా, ఇటెల్తన్నావేటి?" అని నవ్వేడు. నవ్వడా మరి! కానీ తప్పు నాది కాదు. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ విజయనగరం, మన బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా కొండెక్కి కొరాపుట్ పోతుంది. అక్కడ దిగి సిమిలిగుడ, పొట్టంగి, సుంకి, సాలూరు మీదుగా సైకిలు మీద ఇంటికొచ్చేయాలని నా ఆలోచన. దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. కొరాపుట్ 800 మీటర్లకు పైన ఉంది. ఎక్కే కష్టం రైలుకి, దిగే సుఖం మనకి. అయితే పొట్టంగి దాకా ఎత్తుపల్లాలు బాగానే ఉన్నాయి, అబద్ధం చెప్పను. యాభై దాటిన మోకాళ్లకి రెండు రోజులు పట్టింది.

ఇదంతా కుర్రోళ్ల సరదా అనుకోకండి. నేను ఎల్లింది విత్తనం కోసం. ప్రతి ఏడూ సంచి చింపి గింజలు పోస్తున్నాం గానీ, మన తాతలు వేసిన వరి రకాలు మీ గాదెలో ఒక్కటైనా ఉందా? నా ఇంట్లో లేదు. ఆ కొండల మీద ఇంకా ఉన్నాయి. జయపూర్ దగ్గర పాత్రపుట్ ఊరి ఆదివాసీ రైతు కమలా పూజారి వందకు పైగా పాత వరి రకాలు కాపాడింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో కాలం చేసింది. కొరాపుట్ కాలాజీరా బియ్యానికి ఆ ఏడాదే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి రైతుల గట్ల మీద కూర్చుని మాట్లాడాలంటే బస్సు పనికిరాదు, రోడ్డు మీదే దింపేస్తుంది. సైకిలైతే పొలం గట్టు దాకా పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. రైల్లో సైకిలు మన సీటు దగ్గర పెట్టుకునే సామాను కాదు. పార్సిల్ ఆఫీసులో టికెట్టు చూపించి, తూకం వేయించి, డబ్బు కట్టి, బ్రేక్ వాన్‌లో వేయించాలి. దిగిన చోట రసీదు చూపించి తీసుకోవాలి. గంటా రెండు గంటలు ముందే ఎల్లాలి. పేరు, దిగే స్టేషను, ఫోను నెంబరు అట్టముక్క మీద రాసి రెండు చోట్ల కట్టండి. గొలుసుకీ హ్యాండిలుకీ గోనె చుట్టండి.

మన బొబ్బిలిలో బండి ఆగేది రెండు నిమిషాలు. అంతలో వాన్ తలుపు తీసి సైకిలు ఎక్కించడం అయ్యే పనేనా? ఇదివరకు ఒకసారి ఒక ఊళ్లో (పేరెందుకులెండి) నేను దిగిపోయాను, సైకిలు దిగలేదు. మర్నాడు గానీ చేతికి రాలేదు. ఆ భయంతోనే యాభై కిలోమీటర్లు పైగా వెనక్కి తొక్కి విజయనగరంలో ఎక్కించాను. తర్వాత అదే బండిలో కూర్చుని, చీకట్లో మన బొబ్బిలి స్టేషను దాటిపోతుంటే కిటికీలోంచి చూసుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అందుకే అంటున్నాను. పాసింజరు బళ్లలో పాలక్యాన్లు, కూరగాయల గంపలు పోతున్నాయి కదా. చివరి పెట్టెలో నాలుగు కొక్కేలు పెట్టి, సైకిలుకి వేరే టికెట్టు ఇస్తే ఏం పోతుంది? జర్మనీలో లోకల్ రైళ్లలో సైకిలుకి చోటుంది, దానికి టికెట్టూ ఉంది. మనకెందుకు ఉండకూడదు? కారున్నోడికి రోడ్లు వేశారు, మంచిదే. సైకిలున్నోడికి ఒక కొక్కెం అడుగుతున్నాం. ఊరూరా సంతకాలు పెట్టి మన ఎంపీ గారికి అర్జీ ఇద్దాం. నేను రాసి ఉంచాను.

సుంకి ఘాట్ దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. బరువు లారీలు ఎక్కువ, మలుపులు ఎక్కువ. ఒకే బ్రేకు అదే పనిగా పట్టకండి, రిమ్ము కాలిపోద్ది. నేను నాలుగు చోట్ల ఆగి చల్లారబెట్టుకున్నాను.

క్యారేజీకి కట్టుకుని కేజీ కాలాజీరా వడ్లూ, రెండు రకాల చోడి విత్తనమూ తెచ్చాను. కేజీ అంటే ఏ మూలకీ రాదు, కానీ పెంచుకుందాం. చోడి కావాల్సినోళ్లు ఇంటికి రండి, గుప్పెడు ఇస్తాను. వరి కోతలయ్యాక మళ్లీ ఎల్తాను. వచ్చేవాళ్లు ఇప్పుడే బ్రేకు రబ్బర్లు మార్పించుకోండి.