గట్టు కాలిస్తే పోయేది దోమ కాదు, సాలీడు

జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్ పోతే యాసంగిలో కనుచూపు మేర వరే. ఒకప్పుడు వరి పక్కన చెరకు, ఆ పక్కన మక్కో పసుపో కనిపించేవి. పంట మారితే నష్టమేమిటని కొందరు అడుగుతున్నారు. ధర సంగతి తర్వాత, ముందు సాలీళ్ల సంగతి చూద్దాం.

వరి దుబ్బు మొదట్లో నీటి మీద పరుగెత్తే తోడేలు సాలీడు ఉంటుంది. పైన ఆకుల మధ్య పొడుగు కాళ్ల సాలీడు గూడు అల్లుతుంది. దోమ దొరికితే రెండూ వదలవు. ఒకే మేతకు పోటీపడే రెండు సూక్ష్మజీవులను ఒకే పాత్రలో పెంచితే చివరికి ఒకటే మిగిలిందని రష్యా శాస్త్రవేత్త గాస్ 1934లో చూపించాడు. మన మడి పాత్ర కాదు. ఒకటి కింద, ఒకటి పైన చోటు చూసుకుంటాయి.

కోత మిషను పోయాక ఆ చోటూ ఉండదు. అప్పుడు సాలీళ్లు గట్టు గడ్డిలోకి, పక్క పంటలోకి చేరతాయి. పిల్ల సాలీళ్లు దారం వదిలి గాలికి తేలిపోతాయి. ఒక మడిలో ఓడినది ఇంకో మడికి ముందు చేరి నిలబడుతుంది. ఏడాది పొడుగునా నిలిచే చెరకు ఇందుకు మంచి ఆసరా. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చెరకే తగ్గిపోయింది.

దోమకు ఈ బాధ లేదు. గాలితో ఎంతో దూరం నుంచి వస్తుంది, ఊరంతా వరే అయితే ఎక్కడ దిగినా విందే. మనం భయపడి నాటిన నెలకే మందు కొడతాం. ఉన్న కాసిని సాలీళ్లు చస్తాయి, దోమ మళ్లీ పుంజుకుంటుంది. మందుల దుకాణానికి రెండో గిరాకీ!

గట్టు మీద గడ్డి పెరిగితే ఎలుకలు చేరతాయన్న మాట నిజమే. అందుకే అన్ని గట్లూ వదలమనడం లేదు. నాలుగింటిలో ఒకదానికైనా నిప్పు, గడ్డిమందు తగలనివ్వకండి. వరికొయ్యలు కాల్చకండి.

అయితే భారమంతా రైతు మీద వేస్తే ఒప్పుకోం. వడ్లకు కొనుగోలు కేంద్రం ఉంది కాబట్టే వరి వేస్తున్నాం. 2025 జనవరిలో నిజామాబాద్‌కు పసుపు బోర్డు వచ్చింది, పసుపుకు మద్దతు ధర మాత్రం రాలేదు. మక్క, జొన్న, సోయా ప్రతి సీజన్‌లో మద్దతు ధరకు కొనాలి, బోధన్‌లో గానుగ తిరగాలి. ఈ డిమాండ్లతోపాటు గట్ల మాట కూడా నాట్లకు ముందే గ్రామ కమిటీల్లో చర్చకు పెట్టండి.