పిన్ని టేపు, బాబాయి రైలు

మాఘమాసంలో స్వామివారి కల్యాణానికని అంతర్వేది వెళ్ళాను. మా పిన్నివాళ్ళది ఆ ఊరే. భీష్మ ఏకాదశినాడు రథం చూసుకుని బయలుదేరుదామనుకుంటే, "ఒక్కరోజు ఉండవే, నీతో పనుంది" అంది పిన్ని. పనేమిటయ్యా అంటే మొగుడూ పెళ్ళాల తగవు తీర్చడం! అదీ ఇవాళ్టిది కాదు, పాతికేళ్ళనాటిది.

"చూడవే అమ్మాయ్, నేను జాకెట్లు కుట్టుకునే టేపు ఏనాడూ ఉన్నచోట ఉండదు. మీ బాబాయి పట్టుకుపోతారు. దేనికనుకున్నావ్? రైలుపెట్టెలు కొలవడానికి!"

మా బాబాయి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చుట్ట లేదు, చీట్లపేక లేదు. ఉన్న వ్యసనమల్లా చిన్న చిన్న రైళ్ళు చెయ్యడం. శుభలేఖల అట్టలతో పెట్టెలు, చొక్కా గుండీలతో బఫర్లు, అయిపోయిన రీఫిళ్ళతో గొట్టాలు, అగరొత్తి పుల్లలతో పట్టాల కింద స్లీపర్లు. ఇంతా చేసి ఆ ఊళ్ళో రైలు కూత వినపడదు. రైలెక్కాలంటే సఖినేటిపల్లి రేవులో పంటెక్కి గోదావరి దాటి నరసాపురం పోవాలి. కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురానికి లైను 2000-01లోనే మంజూరైంది. బాలయోగిగారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పటి మాట. రైలు మాత్రం ఇంకా రాలేదు. "వచ్చేదాకా ఆగలేక నేనే చేసుకుంటున్నాను" అంటారు బాబాయి.

టేపు ఒక్కటే అయితే పిన్ని సర్దుకునేదే. రెండో ఫిర్యాదు, ఇంగ్లండు నుంచి వచ్చే పత్రిక. 'రైల్వే మోడలర్' అని, 1949 నుంచీ వస్తోంది. అమెరికావాళ్ళది 'మోడల్ రైల్‌రోడర్' ఇంకా పాతది, 1934 నాటిది. తెలిసినవాళ్ళబ్బాయి ఏడాదికోసారి పాత సంచికలు మూటకట్టి తెస్తాడట. "అంతడబ్బు పోసి తెప్పించుకుని, తీరా వచ్చాక దాన్నీ తిడుతూ కూర్చుంటారు. ఏం కావాలో ఆయనకే తెలీదు" అని పిన్ని తీర్పు.

సరే, తగవు తీర్చేదాన్ని గనక రెండోపక్షం కూడా వినాలి కదా. "అసలు ఆ పత్రికలో మీకేం కావాలి బాబాయ్?" అని అడిగాను.

ఆయన తిరిగి నన్నే అడిగారు. "మీ ఆడవాళ్ళ పత్రికలో వంటల పేజీ తీసి నువ్వేం చూస్తావ్?"

"కొలతలు."

"బొమ్మ చూడవా?"

"బొమ్మదేముంది, పెళ్ళివారి వంటలా ఎప్పుడూ బాగానే ఉంటుంది. గ్లాసు బియ్యానికి పప్పెంత అన్నది కదా కావాలి."

"మరి నేనూ అంతేనమ్మా. 'తగినంత ఉప్పు' అని రాసేవాళ్ళని చూస్తే నీకెలా ఉంటుందో, పేజీనిండా అందమైన రైలు ఫొటో వేసి కింద ఒక్క కొలతా ఇవ్వనివాళ్ళని చూస్తే నాకలా ఉంటుంది."

అక్కడినుంచి నాకు పాఠం మొదలైంది. ఈ బొమ్మరైళ్ళకు ఒక లెక్కుంది. ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ అనే కొలత. అసలు రైల్లో ప్రతిదాన్నీ 87తో భాగించడమన్నమాట. మనం ఎక్కే పాత నీలం పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. 87తో భాగిస్తే 24.5 సెంటీమీటర్లు. వంటింట్లో అట్లకాడంత! కిటికీ, మెట్టు, కడ్డీ అన్నీ అదే లెక్కలో తగ్గాలి. ఒక్కటి తప్పినా రైలు కాదు, తిరనాళ్ళ బొమ్మ.

చిక్కంతా పట్టాల దగ్గరొచ్చింది. ఆ దేశాల్లో రెండు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. అందుకని హెచ్‌ఓ బొమ్మ పట్టాలు 16.5 మిల్లీమీటర్ల ఎడంతో అమ్ముతారు. మన బ్రాడ్‌గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. మన పెట్టె తీసుకెళ్ళి వాళ్ళ పట్టాలమీద పెడితే, లావుపాటావిడ చంటిపిల్లల పీటమీద కూర్చున్నట్టుంటుంది.

"మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. ఎవరు చూడొచ్చారండీ?" అంది పిన్ని.

"పద్నాలుగు అంగుళాల భుజానికి టైలరు పన్నెండు పెట్టి కుట్టిస్తే ఊరుకుంటావుటే? ఇదీ అంతే తేడా."

పిన్ని మాట్లాడలేదు. తను ఊరుకోదని మా అందరికీ తెలుసు!

ఆ పత్రికలో మనవాళ్ళకు పనికొచ్చేది లేకపోలేదు. చదివినకొద్దీ నాకే సరదా వేసింది. నెలనెలా 'ఈ నెల రైల్వే' అని ఒకరింట్లో కట్టుకున్న రైలుమార్గాన్ని వేస్తారు. ఏదో మహానగరం నుంచి వస్తుందేమో అనుకున్నాను గానీ, ఆ పత్రిక అచ్చయ్యేది బీర్ అనే సముద్రపు ఒడ్డు పల్లెనుంచిట. అక్కడికీ పెద్ద రైలు లేదు. పక్కనున్న సీటన్ స్టేషనుని 1966లోనే మూసేశారు. మన అంతర్వేదికి తోడు దొరికింది! బొమ్మ పట్టాలు అమ్మే పెద్ద కంపెనీ కూడా వాళ్ళదే. సాంబారు పొడి కంపెనీవాళ్ళు వంటల పుస్తకం వేసినట్టు అనుకోండి. వంట మంచిదే, పొడి కూడా కొనమంటారు.

బాబాయికి నచ్చని సంగతి ఇంకోటుంది. ఆ ఫొటోల్లో రైళ్ళు కారు షెడ్డంత గదుల్లో తిరుగుతుంటాయి. మనిళ్ళల్లో అంత చోటెక్కడిది? బాబాయికి పిన్ని ఇచ్చింది పందిరిమంచం కింద పట్టే ఒక్క చెక్క. దానిమీద ఆయన కడుతున్నది నరసాపురం స్టేషను. లైను అక్కడితో ఆఖరు గనక ముందుకెళ్ళే పట్టాలు వెయ్యక్కర్లేదు. ఇంజను విప్పి వెనక్కి తెచ్చి రెండో కొసన తగిలించడం, అదే ఆట. చోటు తక్కువున్నవాళ్ళు అక్కడ కూడా ఇలాంటి చివరి స్టేషన్లే కడతారట. అటువంటి ప్లాన్లు వేసిన సంచికలు మాత్రం ఆయన అరిగిపోయేలా చూశారు.

లేని సామానుకి బదులు ఏం వాడాలో చెప్పడం కూడా ముఖ్యమే. వాళ్ళు ఫలానా జిగురు, ఫలానా ప్లాస్టిక్ రేకు అంటారు. 'చీజు వెయ్యండి, ఓవెన్‌లో పెట్టండి' అని చదివి మనం నిట్టూర్చినట్టే ఉంటుంది. సముద్రపు ఉప్పుగాలికి అట్ట మెత్తబడి వంకరపోతుందని ఆ పత్రికలో ఎవరు రాస్తారు? ఆ కష్టం తీర్చింది పిన్నే. అట్టకి రెండువైపులా వార్నిషు పూసి ఆరాకే కత్తిరించమంది. మైదా జిగురు ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదని కూడా చెప్పింది. పుస్తకాలకు బైండు కట్టేవాళ్ళ పద్ధతి అది. (మైలుతుత్తం విషం. వంటగిన్నెలో కాచకండి, పిల్లలకి అందనివ్వకండి.)

ఇంతకీ రైలుపెట్టెలు వెళ్ళి కొలవడమెందుకు, ఊహించి చేసుకోవచ్చుగా అన్నాను. అప్పుడు బాబాయి గొంతు మారింది.

"2020 సెప్టెంబరులో స్వామివారి రథం కాలిపోయింది, తెలుసుగా. రాత్రికి రాత్రే, షెడ్డులోనే. చిన్నప్పటినుంచీ ఏటా ఆ తాడు పట్టుకు లాగినవాణ్ణి. డ్రాయింగు మాస్టార్ని. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి చక్రం ఎంతుందో కొలిచి రాసుకోలేదమ్మా. 2021 ఫిబ్రవరికల్లా కొత్త రథం వచ్చింది. బాగుంది. నిన్న నువ్వూ చూశావు. కానీ నా చేతుల్లో ఆ పాతదాని కొలత లేదు."

ఆ నీలం పెట్టెలూ అంతేనట. మద్రాసు పెరంబూరు ఫ్యాక్టరీలో 1955 నుంచి చేసినవి. 2018తో ఆ రకం చెయ్యడం ఆపేశారు. ఉన్నవి ఒక్కొక్కటీ తప్పుకుంటున్నాయి. పుణెలో జోషీగారి చిన్నరైళ్ళ మ్యూజియం 1998 నుంచీ ఉంది, చూడముచ్చటగా ఉంటుందంటారు. అయినా ఇంటిదగ్గర కూర్చుని చేసుకునేవాడికి కావలసింది కొలతల కాగితం. అందుకే ఆయన నోటుబుక్కులు పెట్టారు. మూడున్నాయి. తలుపు, మెట్టు, కిటికీకీ కిటికీకీ ఎడం. గీతలు ముత్యాల్లా ఉన్నాయి.

"ఒక్క సంగతే తేలడంలేదు. పుస్తకంలో పెట్టె పొడవు 21.337 మీటర్లని ఉంది. నా కొలతకి ఎప్పుడూ ఏడంగుళాలు తగ్గుతోంది" అన్నారు.

పిన్ని చేస్తున్న పని ఆపింది. "ఏ టేపుతో కొలిచారు?"

"నీదే. పసుపుపచ్చది."

"అయ్యో రాత! అది సాగిపోయిందండీ. అరవై అంగుళాలకి అరంగుళం తేడా. అందుకే నేను కొత్తది కొనుక్కున్నా. పాతది పెట్టి మూలన పడేశాను!"

బాబాయి నోటుబుక్కు మూసేశారు. పెట్టె పొడవుకి ఆ టేపు పద్నాలుగుసార్లు పరవాలి. పద్నాలుగు అరంగుళాలు ఏడు. లెక్క సరిపోయింది. మూడు నోటుబుక్కులూ తప్పు. ఆ ముఖం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిన్ని కూడా నవ్వలేదు. వెళ్ళి స్టీలు స్కేలు తెచ్చి పాతటేపు పక్కన పెట్టి, తేడా ఎక్కడెక్కడుందో పెన్సిలుతో గుర్తులు పెడుతూ కూర్చుంది. (మీరూ మీ టేపుని ఓసారి స్కేలుతో సరిచూసుకోండి. గుడ్డటేపు సాగుతుంది, సాగినట్టు చెప్పదు.)

"విదేశీ పత్రికలో మీకు బాగా నచ్చేదేమిటి బాబాయ్?" అన్నాను మాట మార్చడానికి.

"ఉత్తరాల పేజీ. పోయిన నెల మేం వేసిన కొలత తప్పు, సరైనదిదీ అని వేస్తే, ఆ సంచిక దాచుకుంటాను" అన్నారు నెమ్మదిగా.

మర్నాడు నా రైలు నరసాపురంలోనే. పంటు మీద ముగ్గురం దాటాం. ప్లాట్‌ఫారం మీద నీలం పెట్టె ఒకటి ఖాళీగా ఉంది. పిన్ని సంచీలోంచి కొత్తటేపు తీసి ఒక కొస తను పట్టుకుంది, రెండోది ఆయన చేతికిచ్చింది. ఆయన సుద్దముక్కతో గుర్తు పెడుతుంటే ఆవిడ పైకి లెక్కపెడుతోంది. ఎనిమిది దగ్గరకొచ్చేసరికి మా రైలు కూత వేసింది. నేను చెయ్యి ఊపాను గానీ ఇద్దరిలో ఒక్కరూ ఇటు చూడలేదు.