కారణం చెప్పకుండా కాపురం ఆపొచ్చా?

మా అనకాపల్లిలో ఇప్పుడు అమెరికా సంబంధం వస్తే కట్నం కన్నా ముందు వీసా సంగతి అడుగుతున్నారు. అబ్బాయి సిటిజనైతే ఇంక చూసుకోనక్కర్లేదు, పిల్ల వెనకాలే వెళ్ళిపోతుందని అందరి ధీమా. ఆ ధీమాకి చట్టంలో బలం అంతంతమాత్రమే.

2024 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు మునోజ్ కేసులో తీర్పిచ్చింది. ఆవిడ ఆ దేశ పౌరురాలు, పైగా లాయరు. భర్తది ఎల్ సాల్వడార్. 2010లో పెళ్ళయింది. 2015లో వీసా ఇంటర్వ్యూకని ఆయన తన దేశం వెళ్తే కాన్సులేట్ వాళ్ళు కాదన్నారు. ఎందుకంటే ఒక సెక్షన్ చూపించారు, అంతే. పచ్చబొట్లతో సహా కొన్నిటిని చూసి ఆయన ముఠావాడని నమ్మారన్న సంగతి, ఆవిడ కోర్టుకెక్కాక గాని బయటపడలేదు. చివరికి మెజారిటీ జడ్జీలు తేల్చిందేమిటంటే, పరాయి దేశస్థుడైన భర్తని రానివ్వమనే ప్రాథమిక హక్కు భార్యకి లేదని. మరి పెళ్ళి హక్కు ఉందంటారే! కాపురం లేని పెళ్ళిని ఏం చేసుకోవాలండీ?

ఎవరిని రానివ్వాలో తేల్చుకునే అధికారం ఏ దేశానికైనా ఉంటుంది, అది నేను కాదనను. కానీ కాదన్నప్పుడు కారణం చెప్పాలి, ఆ కారణం సరైనదో కాదో ఇంకొకరు చూడాలి. కోర్టు సమీక్ష అంటే జడ్జిగారు వీసా ఇచ్చేస్తారని కాదు. అధికారి చట్టప్రకారం నడిచాడా లేదా చూస్తారు, తప్పుంటే మళ్ళీ పరిశీలించమని వెనక్కి పంపుతారు. ఆ మాత్రం కూడా కుదరదంటే ఎలా?

బ్రిటన్ కొంత నయం. అక్కడ మగవాళ్ళు భార్యల్ని తెచ్చుకున్నంత సులువుగా ఆడవాళ్ళు భర్తల్ని తెచ్చుకోలేకపోయేవారు. ముగ్గురు భార్యలు యూరప్ మానవహక్కుల కోర్టుకి వెళ్తే, 1985లో అది వివక్షేనని తేల్చింది. ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? ఇద్దరికీ సమానంగా కట్టుదిట్టం చేసింది! కూతురికి చీర కొని నాకు కొనలేదేమని కోడలు అడిగితే, కూతురి చీర కూడా షాపులో తిరిగిచ్చేసినట్టు. 2024 ఏప్రిల్ నుంచి భార్యనో భర్తనో పిలిపించుకోవాలంటే ఏడాదికి 29,000 పౌన్ల ఆదాయం చూపించాలి.

అయినా అక్కడ కాదంటే కారణాలు రాసి ఉత్తరం ఇస్తారు. మామూలుగా అప్పీలుకి దారి ఉంటుంది, బయటి దేశంలో ఉన్నవాళ్ళకి గడువు 28 రోజులు. మా చుట్టాలమ్మాయి ఆ ఉత్తరాన్ని బీరువాలో చీరల కింద పెట్టేసి, అత్తారికి తెలిస్తే ఏమంటారోనని కుమిలిపోయింది. వాళ్ళ పెదనాన్నకి తెలిసి బయటికి తీయించేసరికి పందొమ్మిది రోజులు అయిపోయాయి. మిగిలిన తొమ్మిది రోజుల్లో పెళ్ళి ఫొటోలు, ఫోన్ బిల్లులు, బ్యాంకు కాగితాలు పోగుచేసి అప్పీలు వేశారు. ఇంకా నడుస్తోంది.