చెఱసాలలో చంద్రకళ



మా అమ్మాయి ఫిడేలు నేర్చుకొనుచున్నది. పండ్రెండేండ్ల పిల్ల. మొన్న పాఠము ముగించుకొని వచ్చి, "అమ్మా, ఫిడేలు ఎప్పటికిని పాట వెనుకనే నడువవలెనా?" యని యడిగినది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ వాద్యమునే సభలో ప్రధానముగా నిలిపి మెప్పించిన మాట చెప్పితిని. "అది సరే. నలుగురు కూడి, ఎవరి వెనుక ఎవరును గాకుండ వాయించుట లేదా?" యన్నది. మెట్టినింట పదునైదేండ్లుగా పక్కవాద్యముగా నున్న నాకు ఈ ప్రశ్న కొంత సూటిగనే తగిలినది!

లేకేమి? మన ద్రాక్షారామమున 1922లో జన్మించిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందమును నడిపిరి. బృందమను మాటయు క్రొత్తది కాదు. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున ఉత్తమబృందమునకు లెక్క యున్నది. ముఖ్యగాయకులు నలుగురు, వారితో గొంతు కలుపువారు ఎనమండుగురు, గాయనులు పండ్రెండుగురు, వేణువులు నాలుగు, మృదంగములు నాలుగు. పురుషకంఠములెన్నియో స్త్రీకంఠములు నన్నియే యుండుట గమనింపుడు.

పాశ్చాత్యుల చిన్నమేళము మఱియొక తీరు. అది గదిలో కూర్చుండి వాయించుకొనుటకు పుట్టినది. పియానో, తంత్రులు, ఊదుడువాద్యములు కలియును. ఒక్కొక్క వంతునకు ఒక్కరే. అమ్మాయి సెల్‌ఫోనులో వెదకి యట్టిదానిని వినిపించినది. దాని కథ వినదగినది.

ఒలివియే మెసియాఁ యను ఫ్రెంచి స్వరకర్త 1940లో సైనికుడుగా జర్మనులకు చిక్కెను. గోర్లిట్జ్ నగరము చెంతనున్న యుద్ధఖైదీల శిబిరమున క్లారినెట్టు వాయించువాడొకడు, వయొలినువాడొకడు, చెల్లోవాడొకడు నుండిరి. ఇంట నున్న కూరలతోనే పులుసు పెట్టినట్లు, ఆ మువ్వురికిని, పియానోపై తనకును సరిపోవునట్లు "కాలాంతమునకు చతుర్వాద్యము" అను ఎనిమిది భాగముల కృతిని కూర్చెను. 1941 జనవరి 15న, గడ్డకట్టు చలిలో, తోడి ఖైదీలును కావలివారును వినుచుండగా వాయించిరి. ఒక భాగమున క్లారినెట్టు ఒంటరిగా పలుకును. ఒకచోట పియానో ఊరకుండి తక్కినవారిని విడిచిపెట్టును. ఎవరును ఎవరికిని పక్కవాద్యము కారు.

నన్ను నిలువునాపిన సంగతి వేఱు. తొలిభాగమున పియానో నడక మూడు దేశీతాళములను గ్రుచ్చి కట్టినదట. రాగవర్ధనము, చంద్రకళ, లక్ష్మీశము! ఒక ఫ్రెంచి సంగీత విజ్ఞానసర్వస్వమున మన రత్నాకరపు తాళముల పట్టికను చూచి మెసియాఁ గ్రహించెనట.

పుట్టినింట మా నాయనగారు నాకా గ్రంథము చెప్పునపుడు నూటయిరువది దేశీతాళముల పేర్లు వల్లెవేయించిరి. రాచకొండ నేలిన మన సింగభూపాలుడు 14వ శతాబ్దమున దానికి సంగీతసుధాకరమను వ్యాఖ్య వ్రాసెననియు చెప్పిరి. "ఒక్కటి వాయించి చూపింపుడు" అంటిని. "ఇవి వాయించువారు ఇప్పుడెవరమ్మా!" యని పుస్తకము మూసిరి. ఆయన గతించి ఎనిమిదేండ్లు. పేర్లు మాత్రము నాయందు పాతిపెట్టిన నాణెములవలె పడియున్నవి.

చంద్రకళకు గురువులు మూడు, ప్లుతములు మూడు, లఘువొకటి. గురువునకు రెండు మాత్రలు, ప్లుతమునకు మూడు. ఆఱును తొమ్మిదియు నొకటియు కూడిన పదునాఱు. చంద్రునికి కళలు పదునాఱే గదా! ఈ లెక్క మా నాయనగారు చెప్పలేదు, పియానో చెప్పినది.

ఆ మూడు తాళముల విలువలు కలిసి 17. వానిపై తిరుగు స్వరకూటములు 29. ఆదివారము అశ్వినితో నొకమాఱు కలిసిన, మరల కలియుట కెంత జాగో పంచాంగము చూచు ఇల్లాండ్రకు తెలియును. అట్లే ఈ రెండు చక్రములును మొదటి చోట మరల కూడవలెనన్న 493 విలువలు గడువవలెను. అంతకు మున్నే యా భాగము ముగియును.

ఒప్పుకొనవలసిన మాట యొకటి. పేర్లు మనవి, నడక మనది కాదు. చేయి వేసి ఆవర్తనము పట్టజూచితిని, చిక్కలేదు. ఆయన తాళమును కొలతగా గైకొనెనే కాని చేతిదెబ్బగా గైకొనలేదు. తొలినాడు మా అత్తగారు, "వీరు శ్రుతి చేయుట ఎప్పటికి ముగియునే?" యనిరి. నాకును అట్లే తోచినది. మఱునాటి వేకువను, కాలువకావలి మొక్కలతోటలలో పిట్టలు లేచువేళ, మరల వింటిని. మన పెండ్లిబాజాలలోని క్లారినెట్టే అక్కడ నల్లపిట్టయై యీల వేయును. వయొలిను నైటింగేల్ అగును. తోటలోని కూతలును ఫోనులోని కూతలును కలిసినపుడు ఏవి యెచ్చటివో తెలియలేదు. ముండ్లకంచె లోపలనుండి ఈ పిట్టలను తలచుకొన్నవాని మనస్సు నాకు కొంత యందినది.

ఆ రాత్రి వంటయిల్లు సర్దిన పిమ్మట నేను చంద్రకళను చేతితో వేయగా అమ్మాయి ఒక్క షడ్జముమీదనే ఫిడేలు నడిపినది. గురువులు చక్కగా సాగినవి. మూడవ ప్లుతము దాటి లఘువునకు వచ్చుసరికి ప్రతిసారియు తడబాటే. మంచముమీద పండుకొన్న అత్తగారు, "ఒక్క మాత్ర ముందుపడుచున్నారే యిద్దఱును" అనిరి.